కరెంటు సున్నా, ఎత్తు రెండు వందల పది

వోల్టు బాబాయి దుకాణానికి బోర్డు లేదు. కార్ల బ్యాటరీలు అమ్మే పెద్ద షాపు పక్క సందులోకి తిరిగి, తల వంచుకుని మెట్ల కిందికి దూరితే అదే దుకాణం. ఎనిమిదడుగుల గది. పై వాటాల వాళ్ళు ఎక్కి దిగుతుంటే అడుగుల చప్పుడు సరిగ్గా నెత్తి మీద పడుతుంది. ఏ అడుగు ఎవరిదో ఆయనకి తెలుసు. బల్ల మీద సోల్డరు కడ్డీ, నికెలు పట్టీలు అతికే మెషీను, రెండు ఛార్జర్లు, ఒక వాట్‌మీటరు, పక్కన ఇసుక నింపిన ఇనప డబ్బా. ఉబ్బిన బ్యాటరీ ఎప్పుడైనా అంటుకోవచ్చు, అలాంటిది వస్తే ముందు ఆ డబ్బాలోకి పోవాలి. తర్వాతే పలకరింపులు.

రిమోటుతో ఎగిరే విమానాలకీ, నీళ్ళ మీద పరిగెత్తే పడవలకీ బ్యాటరీ ప్యాకులు కట్టడం ఆయన పని. ఎవరైనా వాటిని బొమ్మలంటే మొహం ముడుచుకుంటాడు. "బొమ్మయితే కీ ఇచ్చి వదలండి, నా దగ్గరికెందుకు?" అంటాడు. ఏ మోటారుకి ఎన్ని సెల్సు కావాలి, ఏ పంకా ఎంత కరెంటు లాగుతుంది, ఎంత బరువుని ఎన్ని నిమిషాలు మోయొచ్చు, ఇవన్నీ ఆయనకి వేళ్ళ మీదుంటాయి. మూడు సెల్సు వరసగా కట్టిన ప్యాకు గురించి కొత్తవాళ్ళకి చెప్పేటప్పుడు మాత్రం లెక్కలు పక్కన పెట్టేస్తాడు.

"ముగ్గురు అన్నదమ్ములు ఒక బీరువా మోస్తున్నారనుకోండి. ఒకడు నీరసపడ్డాడు. మిగతా ఇద్దరూ ఆగుతారా? ఈడ్చుకుపోతారు. చివరికి వాడు పడతాడు, వాడి మీద బీరువా పడుతుంది. అందుకే ఛార్జింగు పెట్టేటప్పుడు ముగ్గురికీ సమానంగా తిండి పెట్టాలి. నా దగ్గరైతే పెద్దవాడు, చిన్నవాడు అని తేడాల్లేవు."

ఇంత తెలిసిన మనిషి, ఒక్క విమానం కూడా గాల్లో ఉండగా చూడలేదు. చూడలేడు.

చిన్నప్పటి నుంచీ ఆయనకున్నది దగ్గరి చూపే. జానెడు దూరంలో పెడితే వెంట్రుకంత తీగలో ఎక్కడ చీలిక వచ్చిందో చెప్పేస్తాడు. అతుకు మెరుపు చూసి అది ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పేస్తాడు. నాలుగు బారల అవతల మాత్రం మనుషులు రంగు మరకలైపోతారు. కంటి లోపలి పొర పుట్టుకతోనే పలచబడిందనీ, ఆపరేషన్లకి లొంగేది కాదనీ ముగ్గురు డాక్టర్లు మూడు రకాలుగా చెప్పారు. సోడాబుడ్డి అద్దాలు కొంతమేరకే పనిచేస్తాయి. ఇక ఆకాశం సంగతి చెప్పక్కర్లేదు. ఆయనకి ఆకాశమంటే వెలుతురు, అంతే. అందులో పిట్టలు లేవు, మబ్బులకి అంచుల్లేవు.

బళ్ళో చదివే రోజుల్లో ఒకాయన వచ్చి మైదానంలో చిన్న విమానం ఎగరేసి చూపించాడు. చప్పుడు పైకి పోయింది. పిల్లలంతా ఒక్కసారిగా "ఓ!" అన్నారు. ఈయన కూడా "ఓ!" అన్నాడు, అర క్షణం ఆలస్యంగా. అది దిగాక మిగతా పిల్లలు రెక్కల చుట్టూ మూగారు. ఈయన పొట్టలోకి తల దూర్చాడు. వరసగా కట్టిన సెల్సు, వాటికి అతికిన ఎర్ర తీగ, నల్ల తీగ. ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. ఇప్పటిదాకా ఇవి పైన ఉన్నాయి కదా, అనుకున్నాడు. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

అలా మొదలైంది ఆయన జీవితం. బ్యాటరీల షాపులో పనికి కుదిరాడు, యాసిడ్‌తో చొక్కాలు చిల్లులు చేసుకున్నాడు, చివరికి మెట్ల కింద గదిలో స్థిరపడ్డాడు. విమానాలు ఆయన దగ్గరికి వచ్చేవి, పొట్ట తెరుచుకుని పడుకునేవి, కొత్త ప్రాణం పోయించుకుని వెళ్ళిపోయేవి. పైన అవి ఏం చేసేవో మాత్రం ఆయనకి తెలియదు.

పెళ్ళయ్యాక కొంత తెలిసింది.

ఆయన భార్య బస్టాండులో అనౌన్సరు. ప్యాకుల కోసం వచ్చేవాళ్ళు ఈయన్ని వోల్టు బాబాయి అంటే, ఆవిణ్ణి మైకు పిన్ని అనేవారు. పెళ్ళికి ముందు ఆయనకి తెలిసింది ఆవిడ గొంతు మాత్రమే. అనౌన్సుమెంటు గదిలో యాంప్లిఫయరుకి బ్యాటరీ మార్చడానికి వెళ్ళిన రోజున, ఆవిడ మైకు ఆపి మామూలు గొంతుతో, "ఏమండీ, ఆ తీగ తొక్కుతున్నారు," అంది. ఆయన కదల్లేదు. "మీరేనా?" అన్నాడు. "ఏం, నేనైతే కాలు తియ్యరా?" అంది ఆవిడ. ఆ తర్వాత సంగతులు త్వరత్వరగానే జరిగిపోయాయి.

ఆదివారాలు ఇద్దరూ ఊరి చివర మైదానానికి వెళ్ళేవారు. ఆయన కట్టిన ప్యాకులతోనే అక్కడి విమానాల్లో సగం ఎగిరేవి. పిన్ని ఆయన పక్కన నిలబడి, అరచెయ్యి కంటికి అడ్డం పెట్టుకుని, ఉద్యోగం గొంతుతో చెప్పేది. "గమనించగలరు! తెల్ల రెక్కల విమానం నీళ్ళ ట్యాంకు మీదుగా ఎడమవైపు తిరుగుతోంది. ఇందులో ఖాళీ సీట్లు లేవు, అసలు సీట్లే లేవు."

"ఎంత ఎత్తులో ఉంది?" అనేవాడు ఆయన.

"చాలా ఎత్తులో."

"చాలా అంటే?"

"మన మేడ మీద మేడ, దాని మీద మేడ, దాని మీద మీ పెద్దక్క నోరు పెడితే ఎంత ఎత్తో అంత."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం మళ్ళీ అడిగేవాడు, "తిరిగేటప్పుడు రెక్క ఎలా వంగింది?" అని. ఆవిడ చెయ్యి చాపి, కొద్దిగా వంచి, ఆయన మొహం ముందు నుంచి నెమ్మదిగా తిప్పేది. జానెడు దూరంలో. గాజుల చప్పుడుతో సహా.

పందొమ్మిదేళ్ళు ఆవిడ ఆ మైకు ముందు కూర్చుంది. తర్వాత బస్టాండుకి కంప్యూటరు వచ్చింది. అనౌన్సుమెంట్లన్నీ దానంతటదే చెబుతుందన్నారు. దానికి గొంతు కావాలిగా, అది కూడా ఆవిణ్ణే ఇమ్మన్నారు. గోడలకి పరుపులు అతికించిన గదిలో నాలుగు రోజులు కూర్చోబెట్టి సున్నా నుంచి వంద దాకా అంకెలు, ఊళ్ళ పేర్లు, ప్లాట్‌ఫారాలు, ఆలస్యాలు, క్షమాపణలు అన్నీ చెప్పించుకున్నారు. అయిదో రోజున అనౌన్సుమెంటు గదికి తాళం పడింది. ఆవిణ్ణి అయిదు గంటల ప్రయాణం ఉన్న వేరే ఊరికి బదిలీ చేశారు, విచారణ కౌంటరుకి. సర్వీసు ఇంకా ఏడేళ్ళుంది, వదులుకునే స్థితి కాదు. ఆవిడ అక్కడ ఒక గది తీసుకుంది. రెండు వారాలకొకసారి వచ్చేది, వంటింట్లో డబ్బాలన్నీ నింపి వెళ్ళేది.

గొంతు మాత్రం ఈ ఊళ్ళోనే ఉండిపోయింది. దుకాణం కట్టేశాక ఆయన ఒక్కోరోజు ఇంటికి పోకుండా బస్టాండుకి పోయేవాడు. ప్లాట్‌ఫారం నంబరు ఏడు దగ్గర సిమెంటు బల్ల మీద కూర్చునేవాడు. పైన స్పీకరులోంచి పిన్ని గొంతు, పిన్ని ఉంటున్న ఊరికి బస్సు సిద్ధంగా ఉందని చెప్పేది. ప్రయాణికులు త్వరపడవలసిందిగా కోరేది. ఆయన త్వరపడేవాడు కాదు. బస్సు వెళ్ళిపోయేదాకా కూర్చుని, లేచి ఇంటికి వెళ్ళేవాడు. ఒకసారి పక్కన కూర్చున్న పెద్దాయన, "మీరు ఎక్కరా?" అని అడిగితే, "నాకు వినికిడి పనుంది," అన్నాడట. ఆ పెద్దాయన జరిగి కూర్చున్నాడు.

మైదానానికి వెళ్ళడం మానేశాడు. ఎవరైనా రమ్మంటే, పని ఉందనేవాడు.

అలాంటి రోజుల్లోనే పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, కూరల మార్కెట్టు ఎదురుగా చిన్న క్లినిక్కు ఉంది. గ్లైడర్లు ఎగరేస్తుంది. గ్లైడరంటే మోటారుతో కాసేపు పైకెక్కి, ఆ తర్వాత మోటారు ఆపేసి గాలి మీద తేలే విమానం. రెండు మీటర్ల రెక్కలున్న దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, మెట్ల కిందికి దూరడానికి నానా తిప్పలూ పడింది. దాని ముక్కు చితికి ఉంది.

"బాబాయ్, మీ ప్యాకు నన్ను మోసం చేసింది. ఎక్కుతూ ఎక్కుతూ ఉండగా మోటారు ఆగిపోయింది. కంగారులో కిందికి తోసేశాను."

"నా ప్యాకు ఎవర్నీ మోసం చెయ్యదు. ముందు కూర్చోండి."

ఆయన ప్యాకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుని అతుకులన్నీ చూశాడు. మోటారుని బల్లకి బిగించాడు, మధ్యలో వాట్‌మీటరు తగిలించాడు, డాక్టరమ్మని గోడవైపు జరగమన్నాడు. పంకా తిరిగేసరికి గదిలో కాయితాలన్నీ లేచాయి. మీటరు మీదికి ఒంగి అంకె చదివి, నాలుక చప్పరించాడు.

"ముప్పై ఎనిమిది ఆంపియర్లు! ఈ మోటారు తినగలిగింది ఇరవై ఎనిమిది. పంకా మార్చారా?"

"పెద్దది వేశాను. ఇంకా బాగా లాగుతుందని..."

"పాలపన్ను పీకడానికి మీరు పెద్దాళ్ళ పట్టకారు వాడతారా?"

డాక్టరమ్మ గ్లైడరు చితికిన ముక్కుని తడిమింది.

"పెద్ద పంకా ఎక్కువ కరెంటు లాగింది. ఎక్కువ లాగితే వోల్టేజీ కుంగిపోతుంది. అది మరీ కిందికి పోయేసరికి, బ్యాటరీ చచ్చిపోతుందని భయపడి కంట్రోలరు మోటారుని ఆపేసింది. అది చెయ్యాల్సిన పని అది చేసింది. తప్పు నాది కాదు, బ్యాటరీది కాదు."

"నాదే, ఒప్పుకున్నాను," అందావిడ. "ఇంత బాగా తెలిసినవారు గ్రౌండుకి ఎందుకు రారు?"

"మా ఆవిడ ఊళ్ళో లేదు."

"పిన్నిగారికీ గ్రౌండుకీ ఏమిటి సంబంధం?"

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు. తన కళ్ళ సంగతి ఆ మైదానంలో సగం మందికి తెలియదు. పిన్ని సరదాకి కామెంట్రీ చెబుతుందనుకునేవారు. "ఇన్ని వందల ప్యాకులు కట్టాను డాక్టరమ్మా. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పైన ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలని ఉంటుంది. ఆకలి లాంటిది కాదిది. ఆకలి తింటే పోతుంది," అన్నాడు. అన్నాక, అనవసరంగా అన్నానే అని తీగలు సర్దడం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ ఓదార్చలేదు. "పిన్నిగారు ఎత్తు సరిగ్గా చెప్పేవారా?" అని అడిగింది.

"ఆవిడ మేడల్లో చెప్పేది."

"అయితే ఒక పని చేద్దాం," అంది.

ఆవిడ తెప్పించింది చిటికెన గోరంత సెన్సర్లు రెండు. ఒకటి ఎత్తు కొలుస్తుంది. రెండోది బ్యాటరీ వోల్టేజీ, కరెంటు కొలుస్తుంది. ఆ అంకెలు గాల్లోంచి చేతిలోని రిమోటుకి వస్తాయి, రిమోటు వాటిని పైకి చదివి వినిపిస్తుంది. సెన్సర్ని తీగల మధ్య అతికించే పని ఆయనదే. అరగంటలో ముగించాడు. బల్ల మీదే పరీక్షిస్తే రిమోటు పలికింది. ఏదో దేశపు మెషీను గొంతు, రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు.

"దీనికి మాటలు రావా?" అన్నాడు ఆయన.

"గొంతు మార్చుకోవచ్చు బాబాయ్. మనకి కావలసిన గొంతుతో అంకెలు రికార్డు చేసి ఇందులో వేస్తే అదే పలుకుతుంది."

ఆయన సోల్డరు కడ్డీ స్టాండులో పెట్టాడు. డాక్టరమ్మ సామాను సర్దుకుని, గ్లైడరుని ఎత్తుకుని, తల వంచి గడప దాటుతుండగా వెనక నుంచి, "సున్నా నుంచి వంద దాకా ఉన్నాయి," అన్నాడు.

"ఏవి?"

"అంకెలు. మా ఆవిడవి. రికార్డింగు చేసినాయన కాపీ ఇచ్చాడు. నా ఫోనులో ఉన్నాయి."

కొన్ని మాటలు తక్కువయ్యాయి. ఎత్తు, నూట, వందల, మీటర్లు, వోల్టులు, కరెంటు, సిగ్నలు, పాయింటు. బస్సులకి వాటితో పనేముంది? ఆయన ఫోను చేసి అడిగితే పిన్ని ముందు కోప్పడింది. "ఆ కంప్యూటరుకి గొంతిచ్చినందుకే నన్నిక్కడ కూర్చోబెట్టారు. మళ్ళీ ఇంకో మెషీనుకా? ఈసారి ఎక్కడికి పంపిస్తారట?" అంది. తర్వాత రెండు రోజులు ఆ ఊసెత్తలేదు. మూడో రోజు మధ్యాహ్నం, భోజనానికి కౌంటరు మూసిన పది నిమిషాల్లో, ఎనిమిది మాటలూ చెప్పి పంపింది. "మీటర్లు" అన్నచోట వెనకనించి బస్సు హారను వినిపిస్తుంది. ఇంకోసారి చెప్పించమంటారా అని డాక్టరమ్మ అడిగితే, "వద్దు, ఉండనీండి," అన్నాడు ఆయన.

అలా ఏడు నెలల తర్వాత వోల్టు బాబాయి మైదానంలో కాలు పెట్టాడు. ఎండ అప్పుడప్పుడే ముదురుతోంది. డాక్టరమ్మ రిమోటు పట్టుకుంది, ఆయన ఆవిడ భుజం పక్కన చెవి ఒగ్గి నిలబడ్డాడు. ముక్కు బాగుచేసి, పాత పంకా బిగించిన గ్లైడరు చేతిలోంచి వెళ్ళింది. నాలుగు బారల దాకా తెల్లగా కనిపించి మాయమైంది.

రిమోటు మాట్లాడింది. "కరెంటు ఇరవై ఆరు. వోల్టులు పదకొండు పాయింటు రెండు. ఎత్తు ముప్పై మీటర్లు."

ఆ గొంతు అంకెలు చెబుతోంది, కానీ ఆయన వింటున్నది అంకెలు కాదు. ఇరవై ఆరు లాగుతోందంటే ముక్కు పైకెత్తి గట్టిగా ఎక్కుతోంది. ఇరవై నాలుగుకి తగ్గిందంటే వేగం అందుకుంది, పంకాకి శ్రమ తగ్గింది. ఎనభై మీటర్లు. నూట పది. నూట యాభై.

"ఆపుతున్నాను," అంది డాక్టరమ్మ.

"కరెంటు సున్నా," అంది పిన్ని గొంతు. "వోల్టులు పన్నెండు పాయింటు ఒకటి."

"ఊపిరి పీల్చుకుంటోంది," అన్నాడు ఆయన. బరువు దించాక బ్యాటరీ మళ్ళీ తేరుకోవడం ఆయన బల్ల మీద వేలసార్లు చూశాడు. అంత ఎత్తున అది తేరుకోవడం ఆయనకి తెలియడం ఇదే మొదలు. ఇక దిగుతుంది. నూట నలభై ఎనిమిది, నూట నలభై అయిదు, వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకున్నాడు. అంతలో గొంతు, "ఎత్తు నూట యాభై రెండు మీటర్లు," అంది.

"మోటారు వేశారా?"

"లేదు బాబాయ్."

"కరెంటు సున్నా. ఎత్తు నూట డెబ్బై మీటర్లు."

"సెన్సరు తప్పు చెబుతున్నట్టుంది, దించండి."

"తప్పు కాదు. కింద నేల వేడెక్కి గాలి పైకి లేస్తోంది. దాని మీద ఎక్కి కూర్చుంది మనది. గుండ్రంగా తిప్పుతున్నాను, అంతే. మోసేది గాలి."

"కరెంటు సున్నా. ఎత్తు రెండు వందల పది మీటర్లు," అంది గొంతు, హారను చప్పుడుతో.

ముప్పై ఏళ్ళుగా ఆయనకి తెలిసిన లెక్క ఒక్కటే: ఎంత ఖర్చు పెడితే అంత ఎత్తు. ఏమీ ఖర్చు కాకుండా, బ్యాటరీ హాయిగా పడుకుని ఉండగా, అంత బరువు పైకి పోతోంది. ఆయన ఉన్నచోటే గడ్డిలో కూలబడ్డాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి మొహం తుడుచుకున్నాడు. ఇదా, ఇన్నాళ్ళూ అందరూ మెడలు నొప్పి పుట్టేలా చూస్తున్నది!

ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు. వినగా వినగా ఆయనకి పట్టు చిక్కింది. గాలి బలంగా ఉందో, జారిపోతోందో మూడు అంకెల్లో చెప్పేసేవాడు. సిగ్నలు అంకె తగ్గుతుంటే విమానం దూరంగా పోతోందనీ, పెరుగుతుంటే దగ్గరికొస్తోందనీ కనిపెట్టాడు. మిగతావాళ్ళు ముచ్చటపడేవారు. అయినా వాళ్ళంతా మాట ఆపేసి పైకి చూసే క్షణం ఒకటి వచ్చేది. అప్పుడు ఆయన ఒంటరివాడయ్యేవాడు. అంకెలు ఎన్ని ఉన్నా, అవి కంచానికి అవతలివైపు నుంచి ఎవరో చెప్పే రుచి లాంటివి.

ఎండలు ముదిరిన నెలలో ఒక ఆదివారం అది జరిగింది. నడినెత్తిన పెద్ద తెల్లమబ్బు పట్టింది. డాక్టరమ్మ గ్లైడరు మూడు వందలు దాటింది, నాలుగు వందలు దాటింది. "చాలు, దించండి," అని ఆయన అంటూనే ఉన్నాడు. ఆవిడ ఒక్క క్షణం చెమట తుడుచుకుని తలెత్తేసరికి అది లేదు.

"కనిపించడం లేదు," అంది. మొహం పాలిపోయింది. "బాబాయ్, పోయింది. మబ్బులో కలిసిపోయింది."

మైదానంలో పదిహేను మంది ఉన్నారు. గోడలకి రంగులు వేసే ఆయన ఒకడున్నాడు, గద్ద కళ్ళు ఆయనవి. ఆయనకీ కనిపించలేదు. అందరూ తలా ఒక దిక్కు చూపిస్తున్నారు, తలా ఒక సలహా ఇస్తున్నారు.

"అందరూ నోళ్ళు మూయండి!" అన్నాడు వోల్టు బాబాయి. ఆయన అలా అరవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. "డాక్టరమ్మా, పైకి చూడకండి. అక్కడేం లేదు. ఇటు వినండి."

"కరెంటు సున్నా. ఎత్తు నాలుగు వందల నలభై మీటర్లు. సిగ్నలు డెబ్బై రెండు."

"ఇంకా ఎక్కుతోంది. రెక్కల బ్రేకులు పూర్తిగా దించండి. ఆ, అలాగే పట్టుకోండి."

నాలుగు వందల నలభై అయిదు. నాలుగు వందల నలభై రెండు. నాలుగు వందల ముప్పై.

"దిగుతోంది. ఇప్పుడు సిగ్నలు."

"సిగ్నలు అరవై ఎనిమిది," అంది పిన్ని గొంతు, ఏ బస్సూ ఆలస్యం కానంత నిదానంగా.

"దూరం పోతోంది. మెల్లగా కుడికి తిప్పండి. ఇంకా. ఇంకా. ఆగకండి."

అరవై ఆరు. అరవై ఆరు. అరవై ఏడు.

"తిన్నగా పోనివ్వండి! ఇటు తిరిగింది."

డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. ఆవిడ వేళ్ళు ఆయన చెప్పినంత మేరకే కదులుతున్నాయి. ఆ మూడు నిమిషాలూ మైదానంలో చూపున్నవాడంటూ ఎవరూ లేరు. అందరికీ ఆకాశం ఉత్త వెలుతురే. అందులో దారి తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. సిగ్నలు ఎనభై. ఎత్తు మూడు వందలు. సిగ్నలు ఎనభై ఎనిమిది. ఎత్తు రెండు వందల ముప్పై.

"అదిగో!" అని కేకేశాడు రంగులాయన. "చింతగింజంత! నీళ్ళ ట్యాంకు మీద!"

"అవునవును! అదిగో!"

కేకలు, చప్పట్లు, ఈలలు. డాక్టరమ్మ కళ్ళు తెరిచి చూసి, ఏడుస్తూ నవ్వింది. ఎవరో ఆయన్ని భుజాలు పట్టుకుని ఊపేశారు. ఇంకెవరో, "బాబాయ్, చూడు, చూడు, ఎంత అందంగా వస్తోందో!" అని, అన్నాక నాలుక కరుచుకున్నారు.

ఆయన చూశాడు. వెలుతురు ఉంది. కాసేపటి క్రితం అందరికీ ఉన్నదే, ఇప్పుడు మళ్ళీ ఆయనొక్కడికే మిగిలింది.

గ్లైడరు దిగాక ప్యాకుని బయటికి తీసి పట్టుకున్నాడు. ఎప్పుడూ వెచ్చగా వచ్చేది ఇవాళ చల్లగా ఉంది. అంతసేపు పనిలేకుండా అంత ఎత్తు గాలిలో ఉండివచ్చింది. దాన్ని డాక్టరమ్మకి ఇచ్చేసి, చొక్కాకి అంటిన గడ్డి కూడా దులుపుకోకుండా బస్టాండుకి నడిచాడు. స్పీకరులో గొంతు ప్రయాణికులు త్వరపడవలసిందిగా కోరుతోంది. ఈసారి త్వరపడ్డాడు.

అయిదు గంటల ప్రయాణం. దిగేసరికి సాయంత్రమైంది. విచారణ కౌంటరు ముందు వరస ఉంది. ఆయన కూడా నిలబడ్డాడు. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే తగ్గాక కిటికీ దగ్గరికి వచ్చాడు. పిన్ని ఏదో రాసుకుంటూ తలెత్తకుండా, "ఎక్కడికి?" అంది.

"ఇక్కడికే," అన్నాడు.

పెన్ను ఆగింది. "ఏమైంది? ఒంట్లో బాగుందా? భోంచేశారా? ఆ చొక్కా ఏమిటి?"

"అన్నీ బాగున్నాయి. నీకొకటి చెప్పాలి."

డ్యూటీ దిగాక ఇద్దరూ గోడవార బల్ల మీద కూర్చున్నారు. ఆయన మొదటి నుంచీ చెప్పాడు. ఆవిడ మధ్యలో ఒక్క జోకు కూడా వెయ్యలేదు. "నీ గొంతే దించింది," అన్నాడు. ఆవిడ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ వింది.

"అందరికీ కనిపించింది," అన్నాడు చివరికి. "నేను దించాను, వాళ్ళు చూశారు." ఇంకేదో అనబోయి ఆగాడు. పిల్లలు మారాం చేసినట్టుంటుందని సిగ్గేసింది. "ఒక్కసారి," అన్నాడు. "ఒక్కసారి చాలు."

కళ్ళ డాక్టర్ని మళ్ళీ అడుగుదామని ఆవిడ అనలేదు. దేనికైనా అదృష్టం ఉండాలని కూడా అనలేదు. ఆయన చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఆ బస్టాండులో ఇంకా కంప్యూటరు రాలేదు. ఎవరో కుర్ర అనౌన్సరు గొంతు చించుకుంటోంది. "ఊపిరి సరిగ్గా తీసుకోవడం రాదు ఆ పిల్లకి," అంది పిన్ని. "రేపు చెప్పాలి."

ఆ మర్నాడే ఆవిడ తిరుగు బదిలీకి అర్జీ పెట్టుకుంది. పెట్టిన అర్జీకి ఆర్నెల్లకి జవాబొచ్చింది. మైకు లేదు, పార్సిలు ఆఫీసులో కాయితాల పని. అదే పదివేలనుకుని పెట్టే బేడా సర్దుకుని వచ్చేసింది. వచ్చిన మొదటి వారం రోజులూ ఆయన దుకాణం నుంచి తిన్నగా ఇంటికే వచ్చాడు.

ఆదివారం ఇద్దరూ మైదానానికి వెళ్ళారు. మైకు పిన్ని వచ్చిందని అందరూ చుట్టూ చేరారు. రిమోటులో తన గొంతు తనే విని ఆవిడ మొహం చిట్లించింది. "ఇదేమిటి, ఎవరో పోయినట్టు చెబుతున్నాను?" అంది. డాక్టరమ్మ రిమోటు గొంతు తగ్గించింది. గ్లైడరు ఎక్కింది, మోటారు ఆగింది. పిన్ని అరచెయ్యి కంటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కాచుకుని ఉన్నాడు. గమనించగలరు, అంటుందని.

ఆవిడ ఏమీ అనలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు.

ఇదివరకు ఆవిడ చూసేది చెప్పడానికి. ఎడమకో కుడికో తిరగడం చూసి, వెంటనే నోటితో అనేసేది. ఇవాళ ఆయన నేర్పిన లెక్క ఆవిడకి తెలుసు. పొట్టలో ఉన్నది ఆయన చేత్తో కట్టిన ప్యాకు అనీ, అది ఇప్పుడు ఏ పనీ చెయ్యకుండా పడుకుని ఉందనీ, అయినా ఆ రెక్కలు పైకి పోతున్నాయనీ తెలిసి చూస్తోంది. చిన్న మాట కూడా నోటికి రావడం లేదు. పందొమ్మిదేళ్ళు మైకు ముందు మాట తడుముకోని మనిషి.

"చెప్తా, ఉండండి," అంది. "ఒక్క నిమిషం."

"పర్లేదు. చూడు," అన్నాడు ఆయన. "నువ్వు చూడు."

ఆవిడ చెయ్యి పట్టుకుని, తనూ మొహం పైకెత్తి, ఆ వెలుతురులోకి చూస్తూ నిలబడ్డాడు.